ఉత్త చొక్కా

నా పని నీళ్లు పెట్టడం.
పొద్దున ఆరుకొకసారి, ఎండ దిగినాక ఒకసారి.
తిరుపతిలో, యూనివర్సిటీ వెనకాల,
కొండ కనబడే గాజుకొట్టంలో
రెండువందల పదహారు కుండీలు.
పొగాకు జాతే. చుట్టకు పనికిరాదు,
నమలడానికి అంతకన్నా పనికిరాదు.
ఆకు మాత్రం మెత్తన,
అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల చెవి మాదిరి.
ఈ మాట అన్నందుకే
జ్ఞానప్రసూన మేడం నన్ను పన్లో పెట్టుకునింది.

సూది లేని సిరంజి ఆకు అడుగున ఆనించి
మెల్లగా వత్తుతుంది మేడం.
గుడ్డలో నీళ్లు పాకినట్టు
ఆకులో ఒక తడి మచ్చ పాకుతుంది.
ఆరు దినాలు. అంతే.
ఆ ఆరు దినాలూ
నేను ఆ పక్క గట్టిగా తుమ్మను కూడా తుమ్మను.

"ఏముంది మేడం లోపల?"
"పారుడు రోగం పురుగు తొడుక్కునే చొక్కా.
పురుగు లేదు మొగిలమ్మా, ఉత్త చొక్కా.
ఆకు కుట్టిపెడుతుంది.
గొర్రె రక్తం దాన్ని చూసి గుర్తు పెట్టుకుంటుంది,
అసలుది వచ్చిన్నాడు తరుముతుంది."
"అంటే, వేషం."
మేడం రాసేది ఆపి నన్ను చూసింది.

వేషం నాకు తెలుసు.
తిరుపతికి వచ్చిన కొత్తలో, గంగజాతరకు
మా తమ్ముడికి తోటి వేషం కట్టింది నేనే.
ఒళ్లంతా బొగ్గుపొడి, తలకూ నడుముకూ వేపమండలు.
వాడికి అమ్మవారు పోసి తగ్గిన మొక్కు.
మా కుక్క వాణ్ణి పోల్చుకోలేక
వీధి మలుపుదాకా తరిమింది.
మర్సటేడు
వాకిట్లో బొగ్గు నూరతా ఉండంగానే మొరిగింది.

వేపాకుకు అంతకన్నా పెద్ద పని కూడా
అప్పజెప్పినాం ఒకసారి.
నాకు పన్నెండేండ్లు. పలమనేరు పక్క మా పల్లె.
గొర్రెల ముక్కులు కారినాయి, నోళ్లు పూసినాయి,
నిలబడినవి నిలబడినట్టే పారుకున్నాయి.
నాయన దొడ్డి చుట్టూ వేప తోరణం కట్టినాడు.
నలబై ఒకటికి ఆరు మిగిలినాయి.
తొమ్మిదో నాడు బస్సులో టీకా వచ్చింది.
డాక్టరు డబ్బా మూత తీసి, వేలు ముంచి చూసినాడు.
మంచు లేదు. గోరువెచ్చని నీళ్లు.
మూత పెట్టేసినాడు.
నాయన ఆయనకు మజ్జిగ ఇచ్చినాడు.

ఇదంతా మేడంకు చెప్పలేదు.
చెవి మాట ఒక్కటే చెప్పినా.

మొదటి తడవ మచ్చలెండి ఆకు చిల్లులు పడింది.
రెండో తడవ కరెంటు పోయి, ఫ్యాన్లు ఆగి,
తడి గోనెలు కప్పుతా తెల్లార్లూ తిరిగినాం మేడమూ నేనూ.
అయినా నూరు కుండీలు తల వేలాడేసినాయి.
మూడో తడవ, మిగిలిన ఆకు కోసి,
మంచులో నూరి, వడగట్టి, గిర్రున తిప్పి, మళ్లీ వడగట్టి,
ఆఖరికి చిన్న గొట్టం అడుగున తేలింది
ఉగ్గుగిన్నె తడవడానికి కూడా చాలనన్ని నీళ్లు.
"ఇంతేనా?" అన్నా.
"ఇంతే" అనింది,
రెండు చేతుల్తో పట్టుకుని.

పిప్పి బయట పారెయ్యకూడదు.
పెద్ద ఉక్కు కుక్కర్లో ఆవిరి పట్టి చంపల్ల.
గోంగూర ఉడికినట్టు వాసన.
ఆకలైతుంది కూడా, సిగ్గులేకుండా.

పశువుల కాలేజీలో ఐదు గొర్రెలకు వేసినారు.
నిన్న రక్తం లెక్క వచ్చింది.
మూడు గుర్తు పెట్టుకున్నాయంట.
రెండు మరిచినాయంట.
మేడం ఫోన్లో గట్టిగా
ఆ మూడింటి గురించే మాట్లాడతా ఉండాది.
నేను ఆ రెండింటి చెవి నంబర్లు అడిగి
అరచేతిలో రాసుకున్నా.
ఎందుకో తెలీదు.

ఈ పొద్దు జాతర.
గేటు కాడ బొగ్గు పూసుకున్న పిల్లోడు
ఆచారం తప్పకుండా నన్నొక బూతు తిట్టినాడు.
నడుము చుట్టూ వేపమండ ఎవురో సరిగ్గా కట్టలేదు,
జారిపోతా ఉండాది.
నిలబెట్టి బిగించినా.
"అక్కా, నువ్వు ఈడ ఏం పని చేస్తావు?"
చెప్పబోయి, టైం చూసుకున్నా.
ఐదున్నర.
నీళ్లు పెట్టల్ల.